విశ్వవిద్యాలయ ప్రచార విభాగాన్ని నడిపిన పాత సహోద్యోగికి సిఫారసు లేఖ ఎలా రాయాలి?

హైదరాబాదులో సిఫారసు అనగానే చాలామందికి పైరవీయే గుర్తుకు వస్తుంది. నిజానికి సిఫారసు లేఖ ఒక సాక్ష్యం. మీరు కళ్లారా చూసిన పని గురించి, దానిని చూడనివారికి పూచీ పడటం. విశ్వవిద్యాలయంలో మార్కెటింగ్, కమ్యూనికేషన్స్ విభాగాన్ని నడిపినవారికి ఈ సాక్ష్యం మరీ అవసరం, ఎందుకంటే వారు రాసిన ప్రకటనలు ఉపకులపతి పేరుతోనో రిజిస్ట్రార్ సంతకంతోనో వెలువడతాయి తప్ప, రాసినవారి పేరు ఎక్కడా కనిపించదు.

ముందుగా ఆ పాత సహోద్యోగికి ఫోన్ చేసి, ఆమె ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారో అడిగి, ఆ ఉద్యోగ ప్రకటనను తెప్పించుకోండి. కార్పొరేట్ ఆసుపత్రికి రాసే లేఖ, మరో విశ్వవిద్యాలయానికి రాసే లేఖ ఒకటి కావు. మనస్ఫూర్తిగా మెచ్చుకోలేమని అనిపిస్తే అప్పుడే మర్యాదగా తప్పుకోవడం మేలు.

మొదటి పేరాలో మీరిద్దరూ ఎక్కడ, ఎన్నాళ్లు కలిసి పనిచేశారో, ఎవరు ఎవరికి జవాబుదారీగా ఉండేవారో రెండు వాక్యాల్లో చెప్పండి.

అసలు శ్రమ అంతా రెండో పేరాలోనే ఉంటుంది. ఆమె స్వయంగా నిర్ణయం తీసుకోగా మీరు దగ్గరుండి చూసిన ఒక్క సందర్భాన్ని ఎంచుకోండి. నేను ఒక పాత సహోద్యోగికి రాసిన లేఖలో ఒకే ఒక రాత్రి గురించి చెప్పాను. సెమిస్టర్ పరీక్షలు వాయిదా పడ్డాయని నకిలీ సర్క్యులర్ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుండగా, వెంటనే ఖండన ఇవ్వాలని పైనుంచి ఒత్తిడి వచ్చినా, ఆమె పరీక్షల నియంత్రణాధికారితో మాట్లాడి నిర్ధారించుకున్న తరువాతే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు భాషల్లో ప్రకటన విడుదల చేశారు. ఉర్దూ పాఠాన్ని ఆ భాషా విలేఖరి ఒకరితో చదివించి సరిచేయించారు. ఇదంతా రాశాక, సమర్థురాలు, సృజనశీలి వంటి విశేషణాల అవసరమే నాకు కలగలేదు.

అంకెల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. కేంద్ర విద్యాశాఖ తరఫున 2016 నుంచి వెలువడుతున్న ఎన్ఐఆర్ఎఫ్ (విద్యాసంస్థల జాతీయ ర్యాంకింగ్) జాబితాలో విశ్వవిద్యాలయాల విషయంలో బోధన వనరులకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం వెయిటేజీ ఉండగా, సంస్థకున్న పేరుప్రతిష్ఠలకు దక్కేది 10 శాతమే. అందువల్ల ర్యాంకు మెరుగుపడటాన్ని పూర్తిగా ఆమె ఖాతాలో వేస్తే, విషయం తెలిసినవారు లేఖ మొత్తాన్ని అనుమానిస్తారు. ప్రవేశాల సంఖ్య కూడా ఫీజులు, కౌన్సెలింగ్, ఉద్యోగావకాశాల మీద ఆధారపడుతుంది. వాటికి బదులు, విభాగాల నుంచి సమాచారం సకాలంలో అందేలా ఆమె పెట్టిన పద్ధతిని రాయండి. డిజైనర్, ఫొటోగ్రాఫర్ చేసిన పనిని ఆమెకు ఆపాదించకుండా, వారిచేత ఆ పని చేయించిన తీరును చెప్పండి.

సంస్థ బయటపెట్టని వివాదాలను ఎంత మెప్పుగానైనా ప్రస్తావించకూడదు. లేఖ ఒక పేజీ దాటకుండా చూసుకుని, తేదీలు, హోదా సరిగా ఉన్నాయో లేదో ఆమెతో సరిచూడండి. మీరు కూడా ఆ విశ్వవిద్యాలయాన్ని విడిచి ఉంటే దాని లెటర్‌హెడ్ వాడకండి. లేఖ అందుకున్నవారు మీకు ఫోన్ చేసే అవకాశం ఉంది కనుక, ప్రతిని దగ్గర ఉంచుకుని, అందులో రాసిన సంఘటననే అదే వివరంతో చెప్పండి.