ఓపీ వరస తగ్గించాలంటే: ఆస్పత్రి డిజిటల్ సేవల్లో బిజినెస్ అనలిస్ట్ పని

ప్రభుత్వాస్పత్రి ఓపీకి వచ్చిన మనిషి నాలుగు వరసల్లో నిలబడాలి: చీటీకి, డాక్టరుకి, రక్తపరీక్షకి, మందులకి. బిజినెస్ అనలిస్ట్‌గా, అంటే ఆస్పత్రికి ఏం కావాలో తేల్చి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు రాసిచ్చే మనిషిగా, "డిజిటల్ చేయండి" అని మీ చేతికిచ్చేది మాత్రం ఎక్కువసార్లు మొదటి వరసే, ఎందుకంటే గేటులోంచి అడుగుపెట్టగానే కనపడేది అదే. అసలు ఆలస్యం అక్కడే ఉందా, ఇంకెక్కడైనా ఉందా అన్నది ముందు తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్ సంగతి ఆ తర్వాత.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గేటు దగ్గర ప్రతి పదో మనిషికి ఒక రంగు కాగితం ఇవ్వండి. దాని మీద నాలుగు గళ్లు: వరసలో నిలబడిన టైము, చీటీ చేతికొచ్చిన టైము, డాక్టర్ గదిలోకి వెళ్లిన టైము, మందుల కిటికీ వదిలిన టైము. ఆ కాగితాన్ని మందుల కిటికీ దగ్గర వెనక్కి తీసుకోండి. పేరు, ఫోన్ నంబరు రాయించకండి, వాటితో మీకు పని లేదు. సోమవారం ఒకరోజు, వారం మధ్యలో ఒకరోజు చేస్తే చాలు. సోమవారం రద్దీని చూడకుండా వేసిన లెక్క పనికిరాదు. సగటు తీయకండి. నలుగురు అయిదు నిమిషాల్లో బయటపడి ఒకడు మూడు గంటలు ఉంటే సగటు 40 నిమిషాలు వస్తుంది, అలా 40 నిమిషాలు ఉన్నవాడు అక్కడ ఒక్కడూ ఉండడు. సరిగ్గా మధ్యలో పడే మనిషికి ఎంత పట్టింది, పదిమందిలో తొమ్మిదో వాడికి ఎంత పట్టింది అన్న రెండు అంకెలే చెప్పండి.

ఇక కౌంటర్ లెక్క. నాలుగు కౌంటర్లున్నాయి, చీటీకి 90 సెకన్లు పడుతుంది అనుకుందాం. ఒక్కో కౌంటర్ గంటకు 40 మందిని పంపుతుంది, నాలుగూ కలిపి 160. ఉదయం 9 నుంచి 10 లోపు 250 మంది వస్తే, పదింటికి 90 మంది ఇంకా వరసలోనే ఉంటారు. ఆ 250లో 75 మంది ఫోన్‌లో టోకెన్ తెచ్చుకుని, వాళ్ల పని 25 సెకన్లలో తెమిలితే మిగిలేది సుమారు 36 మంది. బాగానే ఉంది. కానీ జనరల్ మెడిసిన్‌లో ఇద్దరు డాక్టర్లు మనిషికి 4 నిమిషాల చొప్పున చూస్తే గంటకు 30 మందే అవుతారు. కౌంటర్ దగ్గర మిగిల్చిన టైమంతా డాక్టర్ గది బయట బెంచీ మీద ఖర్చయిపోతుంది. ఈ లెక్క మొదటి మీటింగులోనే బల్ల మీద పెట్టండి. లేకపోతే ఆరు నెలల తర్వాత "ఇంత ఖర్చు పెట్టినా జనం తగ్గలేదేం" అన్న ప్రశ్న మీ మీదికే వస్తుంది.

టోకెన్ ఎలా వస్తుంది

ఆరోగ్య రికార్డులను డిజిటల్‌గా ముడిపెట్టే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా 2021 సెప్టెంబరు 27న మొదలైంది. అందులోని స్కాన్ అండ్ షేర్ 2022 అక్టోబరులో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ప్రారంభమైంది. రోగి తన ఆభా (ఈ మిషన్ ఇచ్చే ఆరోగ్య ఖాతా) యాప్‌తో ఆస్పత్రి గోడ మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, వివరాలు పంపడానికి ఒప్పుకుంటే పేరు, వయసు, లింగం, ఫోన్, చిరునామా, 14 అంకెల ఆభా నంబరు ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేస్తాయి, రోగికి టోకెన్ నంబరు పడుతుంది. ఆపరేటర్ టైపు చేయాల్సింది ఏ విభాగం అన్న ఒక్కటే. ఆభా తీసుకోవడం ఐచ్ఛికం. అది లేదని చీటీ ఇవ్వకపోయే దారి మీ డిజైన్‌లో ఎక్కడా ఉండకూడదు.

గొడవంతా వచ్చిన వివరాల్లోనే ఉంటుంది. మన దగ్గర ఇవి తప్పకుండా ఎదురవుతాయి.

పేరు: ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాత చీటీలో వెనకుంటుంది, ఇంకోచోట పొడి అక్షరంగా మిగులుతుంది. లక్ష్మిని ఇంగ్లిషులో రాసేటప్పుడు ఒకరు కే ఎస్ హెచ్ వేస్తే ఇంకొకరు ఎక్స్ వేస్తారు. పేరు అచ్చంగా కలిస్తేనే పాత రికార్డు తెరవాలి అని రాస్తే, ఒకే మనిషికి ఏడాదిలో మూడు ఓపీ నంబర్లు పుడతాయి. అలాగని ఫోన్ నంబరు కలిసిందని ఒకటిగా కలిపేస్తే ఇంకా ప్రమాదం. ఇంట్లో అయిదుగురికీ ఒకటే నంబరు ఉండటం మామూలే, అత్తగారి షుగర్ రిపోర్టు కోడలి ఫైల్లోకి వెళ్తుంది. కాబట్టి నియమం ఇలా రాయండి: ఫోన్, పుట్టిన సంవత్సరం, లింగం మూడూ కలిస్తే దగ్గరగా ఉన్న పేర్లు ఆపరేటర్‌కు చూపించాలి, ఎంచేది మనిషి. ఎవరూ కలవకపోతే కొత్త నంబరు. రెండు నంబర్లు ఒకరివే అని తర్వాత తేలితే కలపాలి గానీ తుడిచేయకూడదు, కలిపింది తప్పయితే విడదీసే వీలుండాలి.

పుట్టిన తేదీ: పెద్దవాళ్ల ఆధార్‌లో సంవత్సరం ఒక్కటే ఉండొచ్చు. దాన్ని డేటాబేస్ జనవరి 1గా నింపేస్తే వందలమంది ఒకేరోజు పుడతారు, నిజంగా ఆ రోజు పుట్టినవాళ్లెవరో, తేదీ తెలియనివాళ్లెవరో తేడా తెలియదు. రికార్డులు ఇచ్చిపుచ్చుకునే ఫైర్ (FHIR) ప్రమాణంలో పుట్టిన తేదీ గడి సంవత్సరం ఒక్కదాన్నయినా తీసుకుంటుంది. మీ డేటాబేస్ కూడా తీసుకోవాలని రాసిపెట్టండి.

ఓటీపీ: ఆధార్‌తో ఆభా తీసేటప్పుడు ఓటీపీ ఆధార్‌కు ముడిపడ్డ ఫోన్‌కే వెళ్తుంది. ఆ ఫోన్ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటే కౌంటర్ దగ్గర అయిదు నిమిషాలు పోయినట్టే. అందుకని వరస నడిచే కిటికీలో ఆభా తీయొద్దు. దానికి పక్కన వేరే బల్ల వేయించండి.

రిక్వైర్‌మెంట్ రాసే తీరు

"టోకెన్ ప్రక్రియ వేగంగా, సులభంగా ఉండాలి" అనేది రిక్వైర్‌మెంట్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసిచ్చే నియమం) కాదు, కోరిక. డెవలపర్ దాన్ని తప్పు పట్టలేడు, టెస్టర్ పరీక్షించలేడు. ఇలా రాయండి:

"కౌంటర్ ఆపరేటర్‌గా, టోకెన్ నంబరు కొట్టగానే రోగి వివరాలు నాకు కనపడాలి, మళ్లీ టైపు చేయకుండా చీటీ ఇవ్వడానికి.
షరతులు: టోకెన్ కొట్టిన 3 సెకన్లలో వివరాలు రావాలి. గడువు దాటిన టోకెన్ అయితే ఆ మాట తెలుగులో చూపి, అదే తెరలో మామూలు నమోదుకు వెళ్లనివ్వాలి. విభాగం ఎంచకపోతే ప్రింటు కాకూడదు. ఒకే టోకెన్‌పై రెండో చీటీ అడిగితే నకలు అని పడాలి, కొత్త ఓపీ నంబరు పుట్టకూడదు."

నాలుగు షరతుల్లో మూడు ఏదో ఒకటి తేడా కొట్టినప్పటి సంగతే అని గమనించండి. సవ్యంగా సాగే దారి ఎవరైనా రాస్తారు.

ల్యాబ్ వైపు వెళ్తే ఇంకో రకం తలనొప్పి. హిమోగ్లోబిన్ రిపోర్టులో "11.2 జీఎం%" అని ఒకే గడిలో అంకె, కొలత కలిసి ఉంటాయి. కాగితం మీద ఇబ్బంది లేదు. వేరే ఆస్పత్రికి రికార్డు పంపేటప్పుడు అంకె వేరు, కొలత వేరు, పరీక్ష కోడు వేరు కావాలి. రక్తంలో హిమోగ్లోబిన్‌కు లాయింక్ (ల్యాబ్ పరీక్షలకు అంతర్జాతీయంగా వాడే కోడ్ల పట్టిక) కోడు 718-7. జీఎం% అంటే డెసిలీటరుకు గ్రాములే, అంకె మారదు. అదే లీటరుకు గ్రాముల్లో ఇచ్చే యంత్రమైతే 112 వస్తుంది. కొలత లేని అంకెను పంపనివ్వకండి. ల్యాబ్ టెక్నీషియన్ పక్కన కూర్చుని ఎక్కువగా చేసే 30 పరీక్షలకు పేరు, కొలత, కోడు పట్టిక వేసుకోండి. ఇది డెవలపర్‌కు వదిలే పని కాదు.

పరీక్షించేటప్పుడు

కాన్ఫరెన్స్ హాల్లో మధ్యాహ్నం మూడింటికి చేసే యూఏటీలో (వాడేవాళ్ల చేత చేయించే చివరి పరీక్షలో) అన్నీ పాసవుతాయి. ఉదయం తొమ్మిదిన్నరకు, అసలు కౌంటర్‌లో, అక్కడ పనిచేసే ఆపరేటర్ చేతే చేయించండి. అసలు రోగుల డేటాను టెస్ట్ సర్వర్‌లోకి కాపీ చేయకండి. పేర్లు కనపడే స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ప్రింటర్‌ను మర్చిపోయేవాళ్లే ఎక్కువ. చిన్న థర్మల్ ప్రింటర్లలో ఉండే ఫాంట్లు మామూలుగా ఇంగ్లిషువే, తెలుగు పంపితే ప్రశ్నార్థకాలో, ఒత్తులు ఊడిపోయిన అక్షరాలో పడతాయి. చీటీని బొమ్మగా మార్చి పంపాలి. దాంతో ప్రింటు కాస్త నెమ్మదిస్తుంది, ఆ సెకన్లు కూడా టోకెన్ ఉన్నవాళ్లకు వేసుకున్న 25 సెకన్లలో కలిపి చూసుకోండి.

నెట్ పోయినప్పటికి ముందే నంబర్లు వేసిన కాగితపు చీటీల కట్ట ఒక్కో కౌంటర్‌లో ఉంచండి. ఆ నంబర్ల వరస సాఫ్ట్‌వేర్ ఇచ్చే వరసతో కలవకూడదు. నెట్ వచ్చాక వాటిని ఎవరు ఎక్కిస్తారు, ఎన్నింటిలోపు అన్నది మనిషి పేరుతో సహా తేల్చుకోండి. "సిబ్బంది ఎక్కిస్తారు" అని రాస్తే ఎవరూ ఎక్కించరు.

మొదలయ్యాక ఎన్ని ఆభాలు ముడిపడ్డాయన్న అంకే అందరూ అడుగుతారు. 2023 జనవరి 1న మొదలైన డిజిటల్ హెల్త్ ప్రోత్సాహక పథకాన్ని కూడా అలాంటి లావాదేవీల మీదే డబ్బిచ్చేలా పెట్టారు. ఆ అంకె ఇవ్వండి, పక్కనే రంగు కాగితాల లెక్క కూడా పెట్టండి. మొదటి వారం, ఆరో వారం మళ్లీ అదే సోమవారం కొలత. కొలిచే పద్ధతి మధ్యలో మార్చకండి. మారిస్తే ముందూ వెనకా పోల్చలేరు.

మూడో వారం దాటేసరికి ఫోన్ లేనివాళ్ల కౌంటర్ తీసేద్దామన్న మాట వస్తుంది. దానికి ఒప్పుకోకండి. ముందు ఒక ఉదయం ఆ కిటికీ దగ్గర నిలబడి ఎవరొస్తున్నారో చూడండి: ఒంటరిగా వచ్చిన ముసలివాళ్లు, బటన్ ఫోన్ ఉన్నవాళ్లు, ఛార్జింగ్ అయిపోయినవాళ్లు. ఆ ఉదయం ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి, ఆ సంఖ్యనే కౌంటర్ తీసేద్దామన్నవాళ్ల ముందు పెట్టండి.