పని గంటల్లో, కూలి గ్రాముల్లో: సొంతంగా నగలు చేసేవారి ధర లెక్కల్లో సమస్యలు, పరిష్కారాలు

సమస్య: చేతినిండా పని ఉంది, నెలాఖరుకి చేతిలో డబ్బు లేదు

ముందుగా చూసుకోవాల్సింది కూలి దేని మీద కడుతున్నామన్నది. మనలో చాలామంది పెద్ద షాపులను చూసి గ్రాముకి ఇంత మజూరీ, ఇంత శాతం తరుగు అని చెప్పేస్తాం. షాపుకి అది సరిపోతుంది, ఎందుకంటే వాళ్లకి అమ్మకం ఎక్కువ, చాలా నగలు మెషీన్ మీద వస్తాయి. బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని చేసే మనిషికి ఖర్చయ్యేది కాలం. దాన్ని తూకంతో కొలిస్తే నష్టం తప్పదు.

కాబట్టి ముందు మీ గంట విలువ తేల్చుకోండి. ఉదాహరణకి ఇంటి ఖర్చు నెలకి 28,000, షాపు అద్దె, కరెంటు, గ్యాస్ కలిపి 8,000, ఆకురాళ్లు, రంపం బ్లేడ్లు, బఫ్‌లు, పనిముట్ల అరుగుదలకి 4,000 అనుకుందాం. మొత్తం 40,000. నెలకి 25 రోజులు షాపు తీసినా, బేరాలు, బ్యాంకు పనులు, టెస్టింగ్ సెంటర్‌కి తిరగడం పోను బల్ల మీద నిజంగా పని జరిగేది రోజుకి 5 గంటలే అనుకోండి. అంటే 125 గంటలు. గంటకి 320 రూపాయలు పడింది. ఇది ఖర్చుకి ఖర్చు. మూఢంలో, ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పని పలచబడుతుంది. ఆ నెలలకీ, కాస్త లాభానికీ కలిపి 400 చేయండి. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, లెక్క మాత్రం ఇదే.

సమస్య: "చిన్న టంకమే కదా" అని వంద రూపాయలు చేతిలో పెట్టి వెళ్తున్నారు

రిపేర్లలో ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే. కస్టమర్‌కి కనిపించేది మంట ఊదిన రెండు నిమిషాలే. ముత్యాలు వేలాడే 22 క్యారెట్ల బుట్టకమ్మకి పైకొక్కెం విరిగి వచ్చిందనుకోండి. లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూసి, తూచి, చీటీ రాయడానికి పది నిమిషాలు. ముత్యాలు విప్పి, కమ్మని కుంకుడు నురగలో బ్రష్‌తో కడగడానికి పావుగంట. కొక్కెం సరిచేసి, వెలిగారం పూసి, పక్క అతుకులు కరగకుండా టంకం వేయడానికి ఇరవై నిమిషాలు. యాసిడ్ నీళ్లలో వేసి నలుపు తీయడానికి పది, పాలిష్‌కి పావుగంట, ముత్యాలు మళ్లీ తీగ చుట్టి వేలాడదీయడానికి ఇరవై. గంటన్నర అయింది. గంటకి 400 చొప్పున 600 రూపాయలు, టంకంలో పడ్డ బంగారం అదనం.

ఈ వరసంతా కస్టమర్‌కి పని తీసుకునేటప్పుడే చెప్పండి. పని అయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది. ఎంత చిన్న పనికైనా కనీస చార్జి ఒకటి పెట్టుకోండి, అరగంట ధర న్యాయంగా ఉంటుంది. ఆ రేటు బోర్డు మీద రాసి పెడితే బేరం సగం తగ్గుతుంది.

రాళ్లు విప్పే పనికి వేరే ధర ఉండాలి. ముత్యానికీ పగడానికీ సెగ తగలకూడదు. పచ్చ మరీ సున్నితం: దాని పగుళ్లలో నూనె పట్టించి ఉంటుంది, వేడికి ఆ నూనె పోయి రంగు తేలిపోతుంది, ఒక్కోసారి రాయే చిట్లుతుంది. లోపల లక్క నింపిన నగైతే లక్క తీసి, అతికి, మళ్లీ నింపాలి. పాత కేడీఎం అతుకుల్లో కాడ్మియం ఉంటుంది, కరిగితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి విషం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఖర్చు కూడా మీ గంట రేటులో చేరాల్సిందే. పెద్దవాళ్లు ఆ పొగలోనే బతికారు కదా అని మనమూ పీల్చుకుంటూ కూర్చోనక్కర్లేదు.

మచిలీపట్నం రోల్డ్ గోల్డ్ నగ తెచ్చి అతకమంటే, మంట తగిలిన చోట పూత పోతుందని ముందే చెప్పి, మళ్లీ పూత వేయించే ఖర్చు కలిపి ధర చెప్పండి. ఒప్పుకోకపోతే పని తీసుకోవద్దు.

సమస్య: "నా గొలుసు బరువు తగ్గింది"

చాలాసార్లు తగ్గింది మురికి. గొలుసు లింకుల్లో ఏళ్ల తరబడి చేరిన సబ్బు, నూనె, పసుపు కడిగితే పోతాయి. తూకం అంతకుముందే వేసి ఉంటే నింద మన మీద పడుతుంది. అందుకే కస్టమర్ ఎదుటే కడిగి, ఆరబెట్టి, 10 మిల్లీగ్రాముల వరకు చూపే కాటా మీద తూచండి. చీటీలో బరువు, రాళ్ల లెక్క, ఇదివరకే ఉన్న పగుళ్లు రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. ఐదు నిమిషాల పని, గొడవలన్నీ ఆగుతాయి.

కస్టమర్ సొంత బంగారం ఇచ్చినప్పుడు లెక్క ఇంకా వివరంగా చెప్పాలి. 10 గ్రాముల 24 క్యారెట్ల బిస్కెట్‌లో రాగి, వెండి కలిపి 22 క్యారెట్లు చేస్తే సుమారు 10.9 గ్రాములవుతుంది. ఇది చెప్పకుండా 10 గ్రాముల నగ ఇచ్చి, తరుగు పోయిందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. తరుగు అంటే నిజంగా పోయిన బంగారం. రజను (పనిలో రాలిన బంగారు పొడి) ఊడ్చి తూచాక ఎంత తగ్గిందో అంతే రాయండి. కూలిని తరుగులో దాచకండి. దాచితే బంగారం రేటు పెరిగినప్పుడు కస్టమర్ పోట్లాడతాడు, రేటు పడినప్పుడు మీ కూలే తగ్గిపోతుంది.

సమస్య: ఆర్డర్ రోజు ఒక రేటు, డెలివరీ రోజు ఇంకో రేటు

అడ్వాన్స్ ఎంత బంగారానికి సరిపోతే అంతకే ఆ రోజు రేటు ఖాయం చేసి, అదే రోజు ఆ బంగారం కొనేయండి. మిగతాది డెలివరీ రోజు రేటుకి అని చీటీ మీద రాసి సంతకం తీసుకోండి. అడ్వాన్స్ లేకుండా రేటు ఖాయం చేయడమంటే, వాళ్ల టెన్షన్ మనం మోయడమే.

సమస్య: చేతిపని నగని తూకం వేసి బేరమాడుతున్నారు

కరీంనగర్ వెండి తీగ పనే చూడండి. సన్నటి తీగని మెలేసి, సుడులు చుట్టి, చట్రంలో ఒక్కో ముక్కా కూర్చి అతకాలి. బరువు తక్కువ, పని ఎక్కువ. 8 గ్రాముల జత లోలాకులకి 6 గంటలు పట్టిందనుకోండి. గ్రాముకి 50 రూపాయల కూలి కడితే 400 వస్తుంది, గంటకి 70 కూడా పడలేదు. మన లెక్క ప్రకారం కూలి 2,400 రావాలి. ఇలాంటి వాటికి జతకి ఇంత అని ఒకే ధర పెట్టండి, గ్రాముల మాట ఎత్తకండి. ఏం పని జరిగిందో ఫోటోల్లో చూపించండి.

బొటిక్‌లో పెడితే మరో పొరపాటు జరుగుతుంది. మీకు 4,000 రావాలి, వాళ్ల కమిషన్ 30 శాతం. 4,000కి 30 శాతం కలిపి 5,200 పెడితే కమిషన్ పోను మీకు 3,640 మాత్రమే వస్తాయి. 4,000ని 0.70తో భాగించాలి, అప్పుడు ధర సుమారు 5,715. మీ సొంత ఇన్‌స్టాగ్రామ్ పేజీలో కూడా అదే ధర ఉంచండి, లేకపోతే బొటిక్ వాళ్లు మళ్లీ పిలవరు.

సమస్య: "హాల్‌మార్క్ లేదు, రేటు తగ్గించు"

2021 జూన్ నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరైనా, ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటని చిన్న వ్యాపారులకి మినహాయింపు ఉంది. ఈ సంగతి చెప్పండి, అక్కడితో ఆపకండి. కస్టమర్‌తో కలిసి టెస్టింగ్ సెంటర్‌కి వెళ్లి మెషీన్ మీద ప్యూరిటీ చూపించండి. ముద్రే కావాలంటే హాల్‌మార్కింగ్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకుని ముద్ర వేయించి, ఆ చార్జి బిల్లులో విడిగా రాయండి.

సమస్య: చుట్టాలకి, తెలిసినవాళ్లకి ఉచిత పనులు

బిల్లులో పూర్తి ధర రాసి, కింద తగ్గింపు రాయండి. మీరు ఎంత వదులుకుంటున్నారో వాళ్లకీ తెలుస్తుంది, నెలాఖరు లెక్కలో మీకూ కనబడుతుంది. సామాను ఖర్చు మాత్రం అన్నయ్య దగ్గరైనా తీసుకోండి.