పాత విమానం ఫొటో చూసి అది ఏ విమానమో ఎలా కనిపెట్టాలి?

పాత విమానం ఫొటో చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని కింద క్యాప్షన్ చదవడం, రెండో పని దాన్ని నమ్మేయడం. రెక్కలు రెండు వరసలుంటే టైగర్ మాత్, ఇంజన్లు రెండుంటే డకోటా, జేఆర్డీ టాటా పక్కన నిలబడుంటే 1932, ఇలా రాసి పారేసేవాళ్లని చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. మంచి స్కాన్, దాని పెద్ద ప్రింటు, భూతద్దం, పెన్సిల్. ఫోన్‌లో జూమ్ చేసి చూడొద్దు, కాగితం మీదే చూడాలి, ఇందులో వాదన లేదు. ఫొటోని క్లియర్ చేసే యాప్‌ల జోలికి అసలు పోకండి, అవి మసకగా ఉన్నచోట లేని స్ట్రట్‌ని (రెక్కని పట్టి ఉంచే కడ్డీ), లేని కిటికీని సొంతంగా గీసి పెడతాయి, మీరు దాన్ని పట్టుకుని గంటలు వెతుకుతారు.

ముందు ఫొటో తిరగబడి ప్రింటయిందేమో చూడండి. అక్షరాలు కనబడితే సులువే, లేకపోతే పక్కన నిలబడ్డ మనుషుల్ని చూడండి, అందరి చొక్కా జేబులూ కుడి ఛాతీ మీద ఉన్నాయంటే నెగెటివ్ తిరగేసి వేశారన్నమాట. నిమిషం పని, కానీ ఇది ఎందుకో కిందకెళ్తే తెలుస్తుంది.

తర్వాత లెక్క. రెక్కలు ఒక వరసా రెండు వరసలా, ఇంజన్లు ఎన్ని, సిలిండర్లు ముందు గుండ్రంగా ఉన్నాయా లేక వరసగానా, కాక్‌పిట్ ఓపెనా మూసుందా, తోక కింద చక్రమా, నేలకి రాసుకుంటూ పోయే ఉత్త స్కిడ్డా. రాసుకోండి, పదండి.

అసలు కష్టం ఇక్కడ మొదలవుద్ది, ఒకే ఫ్యామిలీలో అన్నదమ్ముల్ని విడదీయడం. జనం బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

1932 అక్టోబర్ 15న జేఆర్డీ కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహుకి టపా తెచ్చింది పస్ మాత్‌లో. 1982లో, 78 ఏళ్ల వయసులో, అదే దారిలో మళ్లీ నడిపింది లెపర్డ్ మాత్. రెండూ డీ హావిలాండ్ కంపెనీవే, రెండిటికీ పైన ఒకే వరస రెక్క, మూసిన క్యాబిన్, ముందు తలకిందులుగా బిగించిన నాలుగు సిలిండర్ల ఇంజన్. దాంతో రెండో విమానం ఫొటో పెట్టి "తొలి టపా విమానం" అని రాసేస్తారు. లెపర్డ్ మాత్ మొదటిసారి ఎగిరిందే 1933 మేలో, అది 1932లో టపా ఎలా మోస్తుందండీ?

విడదీయాలంటే చక్రాల కాళ్లు చూడండి. పస్ మాత్‌కి చక్రం దగ్గర మొదలైన లావుపాటి కాలు క్యాబిన్ పక్కగా పైకి, రెక్క మొదలు దాకా పోతుంది. లెపర్డ్ మాత్‌కి ఆ కాలు అంత పైకి పోదు, ముందుకి వంగి ఇంజన్ వెనక గోడ దగ్గరే ఆగిపోతుంది. రెక్కల్లో కూడా తేడా ఉంది, పస్ మాత్ రెక్క వెడల్పు మొత్తం ఒకేలా, లెపర్డ్‌ది చివరికెళ్లే కొద్దీ సన్నం. కానీ రెక్కని బట్టి తేల్చొద్దు. పక్కనుంచి తీసిన ఫొటోలో సన్నం అవడం కనబడదు, ఏటవాలుగా తీస్తే సన్నం కానిది కూడా సన్నంగా కనిపిస్తుంది.

కాళ్లలోనూ ఒక మోసం ఉంది. పస్ మాత్ కాలి మీద తొడుగుని అడ్డంగా తిప్పి గాలి బ్రేకులా వాడేవాళ్లు, అందుకని ఒకే విమానం ఒక ఫొటోలో లావు కాళ్లతో, ఇంకో ఫొటోలో సన్న కాళ్లతో ఉంటుంది. లావు సన్నం వదిలేయండి, కాలు పై కొస ఎక్కడ అతుక్కుందో అదొక్కటే చూడండి. ఆ కొస రెక్క నీడలో పడి కనబడట్లేదా, అయితే ఇంకో ఫొటో వెతకండి, ఊహించి గీయొద్దు.

రెండు వరసల రెక్కలుండే బైప్లేన్‌ల దగ్గరా ఇదే తంతు. ఫ్లయింగ్ క్లబ్బుల ఫొటో ఏది దొరికినా టైగర్ మాత్ అనేస్తారు, సగం వాటిల్లో ఉండేది జిప్సీ మాత్. జిప్సీ మాత్ ఇంజన్ నిటారుగా ఉంటుంది, సిలిండర్ తలలు ముక్కు మీద పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. టైగర్‌లో ఇంజన్ తలకిందులు, ముక్కు పైభాగం నున్నగా కిందికి జారుతుంది. ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పే, ఎందుకంటే మాత్ మేజర్ అని ఇంకోటుంది, దాని ఇంజనూ తలకిందులే. అప్పుడు పై రెక్కని ఒంటికి కలిపే చిన్న స్ట్రట్లు చూడాలి. టైగర్‌లో ముందు సీటువాడు పారాచూట్‌తో సహా దూకడానికి వీలుగా వాటిని ముందు కాక్‌పిట్‌కి ఇంకా ముందుకి జరిపారు, బ్యాలెన్స్ తప్పకుండా రెక్కల్ని వెనక్కి వాల్చారు. ముందు కాక్‌పిట్ స్ట్రట్ల మధ్యలో ఇరుక్కుని ఉంటే అది టైగర్ కాదు, ఎవరేం చెప్పినా సరే.

మన బేగంపేట ఫొటోలకొస్తే, 1945లో పెట్టి 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసిన డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలన్నిటికీ డీసీ-3 అని రాస్తారు. సీ-47 అంటే ఆ డీసీ-3కే మిలిటరీ రకం, డకోటా అనేది దాని పేరే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఇక్కడ తిరిగినవాటిలో చాలావరకు మిలిటరీ సీ-47లు, సీట్లు వేసి ప్రయాణాలకి దింపినవి. వెనకభాగంలో ఎడమవైపు రెండు రెక్కల పెద్ద సరుకు తలుపు గీత కనిపిస్తుందేమో చూడండి, ఉంటే సీ-47. తిరగబడిన ప్రింటులో ఆ తలుపు కుడివైపుకి పోతుంది, అందుకే జేబుల గురించి ముందే చెప్పా.

రంగుల మీద ఆధారపడొద్దు. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపుని దాదాపు నల్లగా, పసుపుని ముదురుగా, నీలాన్ని తెల్లగా చూపిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ చూసి "ఎర్ర విమానం" అనేవాళ్లకి దండం. మిలిటరీ విమానాల రెక్కల మీద, ఒంటి మీద వేసే గుండ్రటి గుర్తులు మాత్రం కాలం చెప్తాయి, జపాన్ ఎర్ర సూర్యుడితో పొరబడకుండా యుద్ధం మధ్యలో మనవైపు విమానాల గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు.

వీటీతో (మన దేశం విమానాల గుర్తు అది) మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలు అన్నిటికంటే చివర చదవండి. ముందు చదివితే కళ్లు ఆ పేరుకి తగ్గవే వెతుక్కుంటాయి. పైగా మ్యూజియాల్లోనూ షోలలోనూ పేరున్న విమానం నంబరు ఇంకోదానికి వేస్తారు, జేఆర్డీ పస్ మాత్ వీటీ-ఏడీఎన్ లాంటివి మరీను. అక్షరాలూ ఆకారమూ కలవకపోతే ఆకారం మాటే వినాలి.

అన్నీ చూశాక కూడా మోడల్ తేలకపోతే "డీ హావిలాండ్ మాత్, రకం తేలలేదు" అని రాసి, ఏ భాగం చూసి అలా అన్నారో కూడా రాయండి. ఫొటో వెనక, అంచున, మెత్తటి పెన్సిల్‌తో. బాల్‌పెన్ వద్దు, గట్టిగా రాస్తే గీతలు ముందువైపు తేలతాయి, అవి సరిగ్గా తోక మీదే పడతాయి.