జాయ్‌కాన్ చేతికిచ్చే ముందు

సెలవులకు పిల్లలు మా కడప ఇంట్లో దిగగానే నింటెండో స్విచ్‌లో సూపర్ మారియో పార్టీ వీడియో గేమ్ మొదలు. దానికి ముందు ఇవి చూసుకోండి.

– నలుగురికి 4 జాయ్‌కాన్‌లు (చేత్తో పట్టుకుని ఊపుతూ ఆడే చిన్న రిమోట్లు) కావాలి, అంటే 2 జతలు. నిండా చార్జ్ అవడానికి సుమారు 3.5 గంటలు పడుతుంది, రాత్రే పెట్టేయండి. కరెంటు సంగతి తెలిసిందే.

– చేతికి పట్టీ తప్పనిసరి. దాని మీది ప్లస్, మైనస్ గుర్తులు జాయ్‌కాన్ గుర్తులతో కలవాలి. తిరగేసి ఎక్కిస్తే ఇరుక్కుపోతుంది, పీకలేక చావాలి. పోయిన మేలో మా తమ్ముడి కొడుకు పట్టీ లేకుండానే ఊపాడు. చెమట చేతులు కదా! జారి, బండల మీద టప్పున పడి, జేజి మంచం కిందికి పోయింది. టీవీకి జానెడు దూరంలో తప్పింది.

– టీపాయ్ జరపండి. చేయి చాచి తిరిగితే ఏదీ తగలకూడదు.

– పొడుగువాళ్లు ఫ్యాన్ కింద నిలబడొద్దు.