సదరం స్లాట్ నుంచి కార్డు దాకా: శ్రీకాకుళం జిల్లా వాళ్లకు

ముందే ఒక మాట. ఆసుపత్రిలో వైద్యం చేయించుకోవడానికి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు కొలిచి ఇచ్చే ప్రభుత్వ కాగితం) అక్కర్లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కింద ఆపరేషన్ కావాలంటే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిస్తే చాలు, 104కి ఫోన్ చేసినా చెబుతారు. సదరం కావలసింది పింఛనుకు, బస్సు, రైలు రాయితీలకు, మూడు చక్రాల సైకిల్ లాంటి ఉపకరణాలకు. ఈ రెండూ ఒకటే అనుకుని, సర్టిఫికెట్ వచ్చేదాకా వైద్యం వాయిదా వేసుకున్నవాళ్లను చూశాను. ఆ పొరపాటు చేయకండి.

స్లాట్ ఎక్కడ వేయించుకోవాలి

మీ ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దగ్గర గానీ, మీసేవలో గానీ. ఆధార్, దానికి లింకైన ఫోన్ పట్టుకెళ్లండి, ఓటీపీ వస్తుంది. స్లాట్లు ఎప్పుడూ తెరిచి ఉండవు. విడతలుగా వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. కాబట్టి "ఈసారి ఎప్పుడు వదులుతున్నారు?" అని సచివాలయంలో ముందే అడిగి పెట్టుకోండి. శ్రీకాకుళం జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, జనం నోట ఇప్పటికీ రిమ్సే) దూరమైతే, టెక్కలి జిల్లా ఆసుపత్రి లాంటి దగ్గరి చోట మీ రకం వైకల్యానికి స్లాట్ ఉందేమో అడగండి. ఇచ్ఛాపురం వాళ్లకు శ్రీకాకుళం అంటే వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం.

బుక్ చేసేటప్పుడు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. తప్పుంటే ముందు ఆధార్ దిద్దించుకోండి, ఆ తర్వాతే స్లాట్. సదరంలో తప్పు పడితే తర్వాత ప్రతి కార్డులోనూ అదే తప్పు వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి అన్నది కూడా ముఖ్యమే

మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మూడో నెలలోనే ఆటో కట్టించుకుని తీసుకెళ్లాం. "ఆరు నెలలు దాటాక రండి" అని పంపేశారు. ఆ రోజు కోపం వచ్చింది గానీ, నిబంధన అదే. నరాల జబ్బుల్లో కొంత తిరిగి కోలుకునే అవకాశం ఉంటుంది కాబట్టి, మామూలుగా ఆరు నెలల తర్వాతే వైకల్యాన్ని కొలుస్తారు. స్లాట్ వేసినవాళ్లు ఆ ముక్క ముందే చెప్పి ఉంటే ఆటో డబ్బులన్నా మిగిలేవి.

క్యాంపు రోజు (స్లాట్ ఇచ్చిన రోజు, డాక్టర్లు వైకల్యం కొలిచేది)

ఆధార్, ఫొటోలు, స్లాట్ రసీదు, పాత డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, స్కాన్ రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. రైల్లో వస్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో. అక్కడి నుంచి ఊళ్లోకి ఇంకో పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో రావాలి. నడవలేని మనిషితో దిగేటప్పుడు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఆసుపత్రి గేటు దగ్గరే వీల్‌చైర్ అడగండి. లోపలికి వెళ్లాక వెతుక్కుందాం అనుకుంటే దొరకదు.

డాక్టరు కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయో చూస్తారు, కండరాల బలం చూస్తారు, నడిపిస్తారు. మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు "ఎలా ఉందమ్మా?" అనగానే మా పెద్దమ్మ, "ఏటీ లేదు బాబూ, బాగానే నడుస్తన్నాను" అంది. ఇంట్లో గోడ పట్టుకోకుండా రెండు అడుగులు వేయలేదు. పెద్ద డాక్టరు ముందు మర్యాద ఆమెకు! నేనే కల్పించుకుని, మంచం మీంచి లేపడానికి ఒకరుండాలని, అన్నం కలిపి పెట్టాలని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ చేసి చెప్పనక్కర్లేదు, తక్కువ చేసి మాత్రం అస్సలు చెప్పకండి. రోజూ వాళ్లతో ఉండే మనిషినే తోడు తీసుకెళ్లండి.

శాతం లెక్క చాలామందికి అర్థం కాక గొడవ పడతారు. రెండు వైకల్యాలుంటే మామూలుగా కూడరు. పెద్దది అలాగే ఉంచి, 90లో అది పోగా మిగిలిన దాని నిష్పత్తిలోనే రెండోది కలుపుతారు. కాలుకు 40, చేతికి 30 అనుకోండి: 40 + 30 × 50 ÷ 90, అంటే 57కి కొంచెం తక్కువ. 70 కాదు.

వచ్చిన కాగితంలో ఏం చూడాలి

రెండే చూడండి: శాతం, కాలపరిమితి. 40 శాతం, ఆ పైన ఉంటేనే చాలా పథకాలకు అర్హత. శాశ్వతమా, తాత్కాలికమా అన్నది కూడా రాసి ఉంటుంది. తాత్కాలికమైతే గడువు తేదీని క్యాలెండర్ మీద రాసుకుని, దానికి ముందే మళ్లీ స్లాట్ కోసం తిరగడం మొదలుపెట్టండి. 2025లో పింఛన్ల రీవెరిఫికేషన్‌లో నోటీసులు వచ్చి ఎంతమంది టెన్షన్ పడ్డారో మన జిల్లాలో తెలియనిది కాదు.

దేశమంతా చెల్లేది యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), కేంద్రం నడిపే స్వావలంబన్ పోర్టల్ ద్వారా వస్తుంది. 40 లోపు తెల్ల గీత, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆ పైన నీలం.

సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన పింఛను దానంతటదే రాదు, దానికి వేరే దరఖాస్తు. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000, మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు 15,000. రైల్లో, తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ మీద 75 శాతం రాయితీ, తోడు వచ్చేవాళ్లకూ అంతే. విశాఖ కేజీహెచ్‌కు తరచూ వెళ్లేవాళ్లు ఇది వదులుకోవద్దు. ఉపకరణాల కోసం జిల్లా కేంద్రంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) కార్యాలయంలో అడగండి. కేంద్రం ఇచ్చే ఏడిప్ పథకంలో నెల ఆదాయం 22,500 దాకా ఉంటే పూర్తి ఉచితం.

శాతం తప్పనిపిస్తే

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. పింఛను నోటీసు వస్తే అందులో ఉన్న గడువు దాటకుండా, పాత రిపోర్టుల జిరాక్సులు జతచేసి ఎంపీడీఓ ఆఫీసులో, పట్టణాల్లో అయితే మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో ఇవ్వండి. రసీదు తీసుకోకుండా బయటికి రాకండి.

అదే చట్టంలో 25వ సెక్షన్ కూడా గుర్తుపెట్టుకోండి. వైద్యంలో దివ్యాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలని, ప్రైవేటు ఆసుపత్రులు సహా అన్నిచోట్లా అడ్డంకులు లేకుండా దారి ఉండాలని అందులో ఉంది. ఓపీ చీటీ దగ్గర గంటసేపు లైన్లో నిలబెడితే గొడవేమీ అక్కర్లేదు. కార్డు చూపించి, "25వ సెక్షన్ ఉందండీ, ముందు పంపండి" అనండి. మా పెద్దమ్మ విషయంలో రెండుసార్లు పని చేసింది, మూడోసారి మాత్రం సూపరింటెండెంట్ గది దాకా వెళ్లాల్సి వచ్చింది.