బడిలో పిల్లల ఆరోగ్య సర్వే ఎలా చేయాలి?

ఆదోని వైపు ఒక హైస్కూల్లో మేం మొదటిసారి సర్వే పెట్టింది జనవరిలో. హాజరుపట్టీలో ఉన్న పేర్లకూ చేతికొచ్చిన కాగితాలకూ పొంతనే లేదు. రాని పిల్లలంతా అమ్మానాన్నలతో సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఎవరి తిండి, నిద్ర, దిగుళ్ల గురించి ముఖ్యంగా తెలుసుకోవాలో వాళ్లే లేరు. అందుకే ప్రశ్నల కంటే ముందు క్యాలెండర్ చూడండి.

మొదట: ఎప్పుడు, ఎవరిని

బడి తెరిచి కుదురుకున్నాక, జూలై, ఆగస్టుల్లో పెట్టుకుంటే మేలు. చిన్న బడి అయితే అందరినీ అడగండి. మండలమంతా అయితే చీటీలు వేసి బడులను, ఆ బడుల్లో సెక్షన్లను తీసి, వచ్చిన సెక్షన్‌లో ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. బాగా చదివే పిల్లలను హెడ్మాస్టరు ఏరి పంపితే అది సర్వే కాదు.

రెండు: అనుమతి

18 ఏళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి, పిల్లల ఇష్టం కూడా అడగాలి. చదువురాని తల్లిదండ్రులకు మీటింగులో చదివి వినిపించండి. వద్దన్న పిల్లవాడిని బతిమాలొద్దు.

మూడు: ప్రశ్నలు

పని ఎక్కువగా ఉండేది ఇక్కడే. 13–17 ఏళ్ల బడిపిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సర్వే ఒకటి ఉంది. తిండి, వ్యాయామం, పొగాకు, కొట్లాటలు, ఒంటరితనం అన్నీ అందులో ఉన్నాయి. దాన్నే ఆధారంగా పెట్టుకోండి, కానీ భాష మాత్రం మన పిల్లలది కావాలి. మా మొదటి కాగితంలో "డిప్రెషన్‌గా అనిపించిందా?" అని ఉంది. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "సార్, డిప్రెషన్ అంటే వానలప్పుడు చెప్తారే, అదేనా?" అన్నాడు. తర్వాత దాన్ని "గత 2 వారాల్లో ఏ పనీ చేయబుద్ధి కాకుండా ఎన్ని రోజులున్నావు?" అని మార్చాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక) లాంటి కొలమానాన్ని వాడితే మాటలు మార్చకూడదు. మారిస్తే 10 మార్కులు, ఆపైన వస్తే గమనించాలన్న లెక్క ఇక చెల్లదు.

"గుట్కా వేస్తావా?" అంటే అందరూ లేదనే అంటారు. "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు గుట్కా, ఖైనీ వేసుకున్నావు?" అని అడిగి 0, 1–2, 3–5, 6–9, 10–19, 20–29 అని గళ్లు ఇవ్వండి, చివరి గడి 30 రోజులూ అని ఉండాలి. అచ్చు వేయించే ముందు వేరే బడిలో పదిమందికి ఇచ్చి చూడండి. ఆదోనిలో ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలుంటారు. ప్రతి ప్రశ్నా గట్టిగా చదివి వినిపిస్తే వాళ్లకు సులువు.

నాలుగు: సర్వే రోజు

పేరు వద్దు, రోల్ నంబరు వద్దు. పరీక్షలో లాగా దూరంగా కూర్చోబెట్టి, టీచర్లను బయట ఉండమనండి. మా దగ్గర ఒక సారు "ఊరికే చూస్తున్నా" అంటూ వరుసల మధ్య తిరిగారు. ఆయన నిలబడిన వరుసలో గుట్కా ప్రశ్నకు అందరిదీ సున్నానే! కాగితాలు చేతికి తీసుకోవద్దు. బిస్కెట్ల అట్టపెట్టెకు చీలిక పెట్టి అందులో వేయించండి.

ఐదు: బరువైన ప్రశ్నలు

చనిపోవాలనిపించిందా అని అడిగితే పిల్లలకు ఆ ఆలోచన కొత్తగా పుడుతుందనుకోవడం అపోహ. అసలు చిక్కు వేరే. కాగితంలో పేరు లేదు కాబట్టి, అవునన్న పిల్ల ఎవరో మీకు తెలియదు. మాట్లాడటానికి కౌన్సెలరు సిద్ధంగా లేకపోతే ఆ ప్రశ్న అసలు పెట్టొద్దనే నేనంటాను. పెట్టినా పెట్టకపోయినా మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్‌లైన్ టెలిమానస్ 14416, పిల్లల సాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లున్న చీటీ అందరికీ ఇవ్వండి. కొందరికే ఇస్తే మిగతావాళ్ల కళ్లు వాళ్ల మీదే ఉంటాయి.

ఆరు: లెక్క

ఎక్సెల్ చాలు. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గుంపు అంకెలు విడిగా చూపొద్దు. ఉర్దూ మాట్లాడే ముగ్గురమ్మాయిలే ఉన్న తరగతిలో ఎవరేం రాశారో ఊరంతా పట్టేస్తుంది.

ప్రశ్నల కాగితం చివర్లో నాలుగు గీతలు ఖాళీ వదిలి "ఇంకేమైనా చెప్పాలా?" అని రాయండి. మాకు చాలామంది ఆడపిల్లలు రాసింది ఒకటే మాట: బాత్రూమ్ తలుపుకు గడియ లేదు, అందుకే సాయంత్రం దాకా నీళ్లు తాగం. మా ప్రశ్నల్లో అది ఎక్కడా లేదు.