బోరు సెన్సార్ నుంచి బ్లాక్‌చెయిన్ దాకా: మీ డేటాను భద్రంగా దాచి అమ్మడం ఎలా

మా అపార్ట్‌మెంట్ హైదరాబాద్ మణికొండలో. ఎండాకాలం వచ్చిందంటే బోరు అడుగంటుతుంది, ట్యాంకర్ల మీదే రోజులు గడుస్తాయి. బిల్లులో రాసిన లీటర్లకీ సంపులో చేరిన నీళ్లకీ పొంతన కుదరక బోరులో నీటిమట్టం కొలిచే సెన్సార్ ఒకటి, ట్యాంకర్ పైపుకి ఫ్లో మీటర్ ఒకటి పెట్టించాం. ఏడాది తిరిగేసరికి నిమిషం నిమిషం లెక్క పోగైంది. భూగర్భ జలాల మీద పనిచేసే ఒకాయన వచ్చి ఆ డేటా కొంటానన్నారు, కానీ ముందుగా ఒక ప్రశ్న అడిగారు: "ఈ అంకెలు మీరు మధ్యలో దిద్దలేదని నేనెలా నమ్మాలి?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కోసం మేం చేసిన పనే ఇక్కడ రాస్తున్నా, మీ దగ్గర స్మార్ట్ మీటర్లున్నా, గాలి నాణ్యత కొలిచే సెన్సార్లున్నా పద్ధతి ఇదే.

అన్నిటికంటే ముందు ఒక మాట. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే, ఒకసారి రాస్తే మార్చలేని ఉమ్మడి చిట్టా. మీ డేటాని అందులో పెట్టకండి. దాని వేలిముద్రని మాత్రమే, అంటే హ్యాష్‌ని మాత్రమే పెట్టండి. హ్యాష్ అంటే డేటా నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య, డేటాలో ఒక్క అంకె మారినా అది పూర్తిగా మారిపోతుంది. పబ్లిక్ చెయిన్‌లోకి ఒకసారి ఎక్కింది ఎవరైనా చదవచ్చు, దాన్ని చెరపడం మన చేతుల్లో ఉండదు. అసలు డేటా మీ దగ్గరే, తాళం వేసి ఉండాలి.

ముందు పరికరాన్ని గట్టి చేసుకోండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) ప్రపంచమంతా కెమెరాలని, వీడియో రికార్డర్లని లక్షల్లో లొంగదీసుకుంది, అందుకు అది చేసిందల్లా ఫ్యాక్టరీలో పెట్టి పంపిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జంటల్ని అరవైకి పైగా వరుసగా ప్రయత్నించడమే. కాబట్టి పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, సెన్సార్లని ఇంట్లో ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ వాడే వైఫైలో కాకుండా విడిగా గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టండి. ఇది గంట పని.

తర్వాత ప్రతి సెన్సార్‌కీ తనదంటూ ఒక డిజిటల్ సంతకం ఉండాలి, అంటే రీడింగ్ దాని నుంచే వచ్చిందని చూపే ముద్ర. ఆ సంతకం చేసేది లోపల రహస్యంగా ఉండే తాళంచెవి, దాన్నే ప్రైవేట్ కీ అంటారు. కోఠి గుజరాతీ గల్లీలో ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంప్యూటర్ బోర్డు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది, మేం దాంతోనే మొదలుపెట్టాం. అందులో సెక్యూర్ బూట్ (మీరు ఆమోదించిన ప్రోగ్రామే నడవడం), ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ (మెమరీకి తాళం) రెండూ ఆన్ చేయండి, లేదంటే బోర్డు చేతికి చిక్కినవాడు లోపలి తాళంచెవిని చదివేస్తాడు. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే ఏటీఈసీసీ608 లాంటి సెక్యూర్ చిప్ జత చేయండి, ప్రైవేట్ కీ ఆ చిప్ లోపలే పుడుతుంది, బయటికి రాదు. ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది: ఈ చిప్ సంతకం చేసే పద్ధతి పీ-256, ఇథీరియం అనే పబ్లిక్ బ్లాక్‌చెయిన్‌లోని ఖాతాలు వాడేది సెక్‌పీ256కే1 అనే వేరే పద్ధతి, కాబట్టి చిప్ నేరుగా ఇథీరియం లావాదేవీ మీద సంతకం చేయలేదు. మధ్యలో రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టుకోండి, అది సెన్సార్ సంతకం సరిచూసి, చెయిన్‌కి పంపాల్సినది తన ఖాతాతో పంపుతుంది. సెన్సార్ పంపే ప్రతి రీడింగ్‌లో సమయంతో పాటు వరుస సంఖ్య కూడా ఉండాలి, లేకపోతే నిన్నటి రీడింగ్‌ని ఇవాళ మళ్లీ పంపినా, మధ్యలో పది రీడింగులు మాయమైనా పట్టుకోలేరు. సెన్సార్ సందేశాలు పంపడానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి వాడుతుంటే తాళం లేని 1883 పోర్టు మూసేసి, టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్) ఉన్న 8883 మాత్రమే తెరవండి.

ఇప్పుడు హ్యాష్ సంగతి. నిమిషానికి ఒక రీడింగ్ చొప్పున రోజుకి 1,440 వస్తాయి. ఒక్కోదాన్నీ చెయిన్‌లో రాస్తే ఫీజులకే డబ్బంతా పోతుంది. అందుకని రాత్రి పన్నెండింటికి ఆ 1,440 రీడింగులకీ షా-256 అనే పద్ధతిలో హ్యాష్ తీసి, జంటలు జంటలుగా కలుపుతూ మెర్కిల్ ట్రీ అనే చెట్టు కట్టి, పైన చివరికి మిగిలే ఒక్క హ్యాష్‌ని, అంటే 32 బైట్ల రూట్‌ని మాత్రమే చెయిన్‌లో రాయండి. రోజుకి ఒక్క లావాదేవీ. కొనేవాళ్లు ఫలానా మధ్యాహ్నం 3 గంటల రీడింగ్ నిజమైనదేనా అని అడిగితే ఆ రీడింగ్‌తో పాటు 11 హ్యాష్‌లు ఇస్తే చాలు, రూట్‌తో వాళ్లే సరిచూసుకుంటారు.

ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోకండి, మేం మొదట్లో దీన్నే వదిలేశాం. నీటిమట్టం సున్నా నుంచి ఏ వెయ్యి అడుగుల మధ్యో ఉంటుంది, సమయం, వరుస సంఖ్య ఊహించగలిగినవే. అంటే ఒక రీడింగ్ హ్యాష్ చేతికొస్తే ఎవరైనా అన్ని అంకెలూ వేసి చూసి అసలు విలువ కనిపెట్టేయగలరు. ఒక రీడింగ్‌కి రుజువు ఇచ్చినప్పుడు పక్క రీడింగ్ హ్యాష్ కూడా అందులో వెళ్తుంది కదా, ప్రమాదం అక్కడే. ప్రతి రీడింగ్‌కీ విడిగా ఒక యాదృచ్ఛిక సంఖ్య, దీన్ని సాల్ట్ అంటారు, కలిపి హ్యాష్ తీయండి. ఇంకో లాభం కూడా ఉంది: ఎవరైనా తమ డేటా తీసేయమంటే డేటానీ సాల్ట్‌నీ చెరిపేస్తారు, చెయిన్‌లో మిగిలిన హ్యాష్‌తో ఆ అంకెల్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.

ఏ చెయిన్ అంటే, ఒక్క అపార్ట్‌మెంట్ అయితే ఇథీరియం మీద నడిచే తక్కువ ఫీజుల లేయర్ 2 నెట్‌వర్క్ ఏదైనా సరిపోతుంది. నాలుగైదు అసోసియేషన్లు కలిసి, ఒకరినొకరు పూర్తిగా నమ్మకుండానే లెక్క ఉంచుకోవాలంటే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే, సభ్యులకి మాత్రమే తెరిచి ఉండే బ్లాక్‌చెయిన్ మేలు, అక్కడ కాయిన్ల గోలే లేదు. ముందు టెస్ట్‌నెట్‌లో, అంటే అసలు డబ్బు ఖర్చు కాని పరీక్షా నెట్‌వర్క్‌లో, నెల రోజులు నడిపి చూడండి.

ఇక అమ్మకం. కాపీ అయిపోయిన డేటాని వెనక్కి తెచ్చుకోలేం, ఏ స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్‌లో తనంతట తానే నడిచే ఒప్పందపు ప్రోగ్రామ్) అయినా ఆ పని చేయలేదు. అందుకే నా సలహా, నిమిషం డేటా అడిగినా ముందు రోజువారీ సగటు ఇవ్వజూపండి, చాలామందికి అదే సరిపోతుంది. డేటా అమ్మకాలకి వాడే ఓషన్ ప్రోటోకాల్‌లో కంప్యూట్-టు-డేటా అనే పద్ధతి ఉంది, కొనేవాళ్ల ప్రోగ్రామే మీ డేటా దగ్గరికి వచ్చి లెక్క వేసి ఫలితం తీసుకెళ్తుంది, డేటా మీ గడప దాటదు. ఫైలే ఇవ్వాల్సి వస్తే ఒక్కో కొనుగోలుదారుకి వేరే తాళంచెవితో ఎన్‌క్రిప్ట్ చేసి ఇవ్వండి. ఏ నెలల డేటా, ఏ పనికి, ఎంతకాలం, మళ్లీ ఇతరులకి అమ్మొచ్చా అన్నది కాగితం మీద రాసుకుని సంతకాలు చేసి, ఆ ఒప్పందం హ్యాష్‌ని చెయిన్‌లో ఎక్కించండి. డబ్బు మాత్రం రూపాయల్లో, అసోసియేషన్ బ్యాంకు ఖాతాలోనే తీసుకోండి. క్రిప్టో బదిలీ మీద వచ్చే లాభానికి 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి, ఆ టెన్షన్ మనకెందుకు?

బోరు డేటా ఎవరి సొంత విషయమూ కాదు, కానీ ఫ్లాట్ల కరెంటు మీటర్ల డేటా అలా కాదు. ఎవరు ఎన్నింటికి నిద్రలేస్తారు, ఏ వారం ఊళ్లో లేరు అన్నీ అందులో తెలిసిపోతాయి, ఇది దొంగ చేతిలో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం స్పష్టమైన సమ్మతి కావాలి, ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకోగలగాలి, నోటీసుని తెలుగులో కూడా చదువుకునే వీలు ఉండాలి. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మా దగ్గర ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు వద్దన్నారు, వాళ్ల మీటర్లు అసలు కలపలేదు. ఆ మాత్రం గౌరవం ఇవ్వకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

బ్లాక్‌చెయిన్ చేయలేనిది కూడా చెప్పాలి. ఒక ఏప్రిల్‌లో ట్యాంకర్ ఖాళీ అయ్యే వేళ పైపులోకి గాలి దూరి ఫ్లో మీటర్ చక్రం గిర్రున తిరిగింది, వచ్చిన నీళ్ల కంటే ఎక్కువ చూపించింది. ఆ తప్పుడు అంకె మీదా సంతకం పక్కాగా పడింది, రూట్ చెయిన్‌లోకి ఎక్కింది. రాశాక మార్చలేదన్న హామీ చెయిన్ ఇస్తుంది, రాసింది నిజమన్న హామీ ఇవ్వదు. పాతది చెరపలేం కాబట్టి సవరణని కొత్త రికార్డుగా రాశాం, సంపు మూత కింద మట్టం కొలిచే రెండో సెన్సార్ పెట్టి రెండు లెక్కలూ తేడా వస్తే ఆ రీడింగ్‌కి అనుమానం అని గుర్తు వేస్తున్నాం. ఈ గుర్తులతో సహా డేటా ఇస్తేనే మా కొనుగోలుదారుకి నమ్మకం పెరిగింది.

చివరిగా తాళంచెవులు. రోజూ రూట్ రాసే ఖాతాలో ఫీజుకి సరిపడా కొద్ది మొత్తమే ఉంచండి. కొత్త సెన్సార్ చేర్చడం, కొనేవాళ్లకి అనుమతి ఇవ్వడం లాంటివి ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ ముగ్గురిలో ఇద్దరు సంతకం చేస్తేనే జరిగేలా మల్టీసిగ్, అంటే ఉమ్మడి సంతకాల ఖాతా, పెట్టండి. తాళంచెవి పోతే ఖాతాని తిరిగి తెరిచే రికవరీ పదాలు కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లో దాచండి, వాట్సాప్‌లో ఫొటో పంపుకోవద్దు. కమిటీ మారిన రోజున బ్యాంకులో సంతకాలు మార్చడానికి వెళ్తారు కదా, ఈ ముగ్గురి తాళాలు కూడా ఆ రోజే మార్చేయండి.